బొమ్మ కార్డుకి ఎంతదాకా పాడొచ్చు?

వేలం పాట మనకి కొత్తేం కాదు. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో వినాయకుడి లడ్డుని 1994లో 450 రూపాయలకి పాడుకున్నారు. 2025లో ఆ ఊరి లడ్డే 35 లక్షలు పలికింది. ఇక నెలనెలా చీటీ పాటలో కూర్చునేవాళ్లకి వేలం సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఎవరి అవసరం ఎంతో, ఎవరు ఎక్కడ ఆగుతారో ముఖం చూసి చెప్పేయగల ఆడవాళ్లు మన వీధి వీధికీ ఉంటారు. మా అమ్మ అలాంటిదే. ఆవిడ కడుపున పుట్టి, పదేళ్లు చీటీలు కట్టి, పాడి, ఎత్తుకున్న నేను అమెరికా వచ్చి ఒక అట్టముక్క కోసం వేలంలో బోల్తా పడ్డాను!

అట్టముక్క అంటే తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ వాటిని స్పోర్ట్స్ కార్డులంటారు. ఒక వైపు ఆటగాడి బొమ్మ, వెనక అతని పరుగులూ, పుట్టిన ఊరూ, ఎత్తూ బరువూ. మన చిన్నప్పుడు బిగ్ ఫన్ చూయింగ్ గమ్‌లో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి, గుర్తుందా? గమ్ పారేసి బొమ్మలు దాచుకునేవాళ్లం. ఇదీ అచ్చం అదే. మొదట్లో సిగరెట్ పెట్టెల్లో వేసేవారు. తర్వాత చూయింగ్ గమ్‌తో పాటు ఇచ్చారు. టాప్స్ అనే కంపెనీ 1950ల నుంచి బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డుల్ని ఏటేటా అచ్చు వేస్తూ వచ్చింది. పిల్లలు వాటిని సైకిల్ చక్రాలకి కట్టి టపటపలాడించుకున్నారు, గోడకేసి కొట్టి ఆడుకున్నారు. వాళ్లు పెద్దవాళ్లయి పై ఊరు చదువులకి వెళ్లాక అమ్మలు గదులు సర్దుతూ పెట్టెలకి పెట్టెలు చెత్తలో పారేశారు. 'నా కార్డులన్నీ మా అమ్మ పారేసింది' అని వాపోని పెద్దమనిషి అమెరికాలో అరుదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అందరి అమ్మలూ దాచి ఉంటే ఈ కార్డులకి ఇంత ధర వచ్చేదే కాదు. దొరకని వస్తువుకే కదా ధర!

అమ్మలదాకా ఎందుకు, కంపెనీవాళ్లే పారేశారు. 1952లో అమ్ముడుపోని కార్డులు గోదాములో మూలుగుతుంటే 1960లో వాటిని పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోశారట. ఆ 1952 వరసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో అక్షరాలా కోటీ 26 లక్షల డాలర్లు పలికింది.

మా ఇంట్లో నెలకి కార్డుల ఖర్చు అరవై డాలర్లు. అది దాటకూడదన్నది మావారి మాట, నా మాట కూడా. ఈ అరవై డాలర్లలో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు, ఎక్కడ మోసపోతాం అన్నదే నేను చెప్పబోయేది.

గుడికెళ్తే తగులుకున్న సరదా

పిట్స్‌బర్గ్ అనగానే ఇక్కడి తెలుగువాళ్లకి గుర్తొచ్చేది కొండ మీది వేంకటేశ్వరస్వామి గుడి. 1970ల్లో కట్టిన గుడి అది. ఒకసారి స్వామి దర్శనం అయ్యాక ఊరు చూద్దామని నది దగ్గరికి వెళ్లాం. పసుపు రంగు వంతెన మీద రాబర్టో క్లెమెంటే అని పేరుంది. 'ఎవరమ్మా ఈయన?' అన్నాడు మావాడు. అప్పుడు వాడికి పదకొండేళ్లు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! తిరుగు దారిలో వాడే పుస్తకాల్లోనూ ఇంట్లోనూ వెతికి చెప్పాడు.

క్లెమెంటే పోర్టోరికో దీవిలో పుట్టాడు. 1955 నుంచి 1972 దాకా, 18 సీజన్లు, పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకే ఆడాడు. సరిగ్గా మూడు వేల హిట్లు కొట్టాడు, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. 1972 డిసెంబరులో నికరాగ్వాలో భూకంపం వస్తే, బాధితులకి సామాన్లు తీసుకుని తనే విమానమెక్కాడు. ఆ విమానం డిసెంబరు 31 రాత్రి సముద్రంలో కూలిపోయింది. మనిషి మళ్లీ దొరకలేదు. మరుసటి ఏడాదే, ఎన్నేళ్లో ఆగాలన్న నియమం పక్కనపెట్టి, ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

మావాడు వెతికి పట్టుకున్న ఇంకో సంగతి ఉంది. అసలు కార్డుల దాకా మమ్మల్ని తెచ్చింది అదే. 1957 నుంచి 1969 దాకా టాప్స్ కార్డుల మీద ఆయన పేరు రాబర్టో అని వెయ్యలేదు. 'బాబ్' అని వేశారు. నోరు తిరగదనో, అమెరికా పేరైతే బాగుంటుందనో! మావాడి పేరు నాలుగక్షరాలు. బడిలో చేరిన మొదటి వారంలోనే టీచరు దాన్ని రెండక్షరాలు చేసింది. వాడు ఏమీ అనలేదప్పుడు. ఈ సంగతి చదివిన రోజు మాత్రం, 'ఆయన పేరు సరిగా వేసిన కార్డు ఒకటి కొనుక్కుందాం అమ్మా' అన్నాడు. ఇక కాదనడం నా వల్ల కాలేదు.

పేరు సరిగా వేసినవి 1955, 1956, మళ్లీ 1970 నుంచి. 1955ది మొట్టమొదటి కార్డు, దాని జోలికి మనలాంటివాళ్లు పోలేరు. మూలలు అరిగిపోయినవి కూడా వేలల్లో ఉంటాయి. 1970, 71, 72, 73 కార్డులైతే మన అరవై డాలర్లకి అందుతాయి, కాకపోతే కొంచెం మడతలు, కొంచెం అరుగుదల ఉన్నవి. 1973ది ఆయన పోయాక వచ్చిన చివరి కార్డు.

నేను చేసిన తెలివితక్కువ పని

అంతా తెలిసీ, మేం మొదట కొన్నది అవేవీ కాదు. ఒక వేలం సంస్థవాళ్ల జాబితాలో 1960 నాటి 'బాబ్' కార్డు కనబడింది. అంచులు కత్తిలా ఉన్నాయి, రంగు చెదరలేదు. 'పేరు తప్పుది కూడా ఒకటి ఉండాలమ్మా, పక్కపక్కన పెట్టి చూపించొచ్చు' అన్నాడు మావాడు. సరే అరవై దాకా పాడదాం అనుకున్నాం. ఆదివారం రాత్రి వంటింటి బల్ల దగ్గర ఇద్దరం కూర్చున్నాం. యాభై ఎనిమిది దగ్గర మనదే. ఎవరో అరవై రెండన్నారు. అరవై అయిదు కొట్టాను. డెబ్బై అన్నారు. పిల్లాడు నా ముఖంలోకి చూస్తున్నాడు. అవతలివాళ్లెవరో తెలియదు, ముఖం కనబడదు. చీటీ పాటలో అయితే ముఖం చూసి ఆగేదాన్నేమో. తొంభై రెండు దగ్గర అవతలివాళ్లు ఆగిపోయారు. మావాడు ఎగిరి గంతేశాడు. నాకు అప్పుడే కడుపులో ఏదో తిప్పినట్టయింది.

మర్నాడు బిల్లు వచ్చింది. పాట 92. దాని మీద వేలంవాళ్ల బయ్యర్స్ ప్రీమియం 20 శాతం. పోస్టు ఖర్చు 9 డాలర్లు. ఆ మొత్తం మీద న్యూజెర్సీ అమ్మకం పన్ను ఆరున్నర శాతం పైన. వెరసి 127 డాలర్లు! రెండు నెలల డబ్బు ఒక్క రాత్రిలో అయిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంత మంచి కార్డుని గ్రేడింగ్ చేయిస్తే ధర పెరుగుతుందని ఎవరో చెప్పారు. గ్రేడింగ్ అంటే, కార్డుని ఒక సంస్థకి పంపితే వాళ్లు పరీక్ష చేసి ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పంపుతారు. దానికీ రుసుము కట్టాం. రెండు నెలలకి తిరిగొచ్చింది, మార్కు లేకుండా. అంచు కత్తిరించిన గుర్తులున్నాయట! అరిగిన అంచుని ఎవరో బ్లేడుతో సన్నగా కోసి కొత్తదానిలా చేశారు. అలాంటి కార్డుకి బజార్లో సగం ధర కూడా రాదు. వేలంవాళ్లకి రాస్తే, వాపసు గడువు దాటిపోయిందన్నారు. వాళ్ల నిబంధనల్లో అలాగే రాసి ఉంది. చదవకపోవడం నా తప్పే.

మావారు కోప్పడలేదు. 'ఊళ్లో చీటీ అయితే ఇలాగే పాడేదానివా?' అన్నారు అంతే. ఆ మాట నన్ను వారం రోజులు పొడిచింది.

ఈ కత్తిరింపు మోసం చిన్నవాళ్లకే జరుగుతుందనుకోకండి. హోనస్ వాగ్నర్ అని, ఆయనా పిట్స్‌బర్గ్ ఆటగాడే. 1909లో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన ఆయన కార్డులు అరవై దాకా మాత్రమే మిగిలాయంటారు. అందులో ఒకదాన్ని హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ తన భాగస్వామితో కలిసి 1991లో 4 లక్షల 51 వేల డాలర్లకి కొన్నాడు. దాని పేరే గ్రెట్జ్‌కీ వాగ్నర్ అయిపోయింది. గ్రేడింగ్ సంస్థ దానికి 8 మార్కులేసింది. చివరికి 2013లో, ఆ కార్డుని తొలిరోజుల్లో చేతులు మార్చిన బిల్ మాస్ట్రో అనే వేలందారు తానే దాని అంచులు కత్తిరించానని కోర్టులో ఒప్పుకున్నాడు. తన వేలాల్లో దొంగ పాటలు పాడించి ధరలు పెంచిన కేసు అది. 2015లో అతనికి 20 నెలల జైలు పడింది. లక్షలు పోసినవాళ్లకే అలా అయితే మన 127 డాలర్లు ఏ మూలకి!

ఆ తర్వాత నేర్చుకున్నదేమిటంటే, కార్డు చేతికి రాగానే స్కేలు పెట్టి కొలవాలి. 1957 నుంచి టాప్స్ కార్డులు రెండున్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. అంతకుముందు అయిదేళ్లవి కాస్త పెద్దవి. కంపెనీ కోతలోనూ వెంట్రుకవాసి తేడాలుంటాయి కాబట్టి స్కేలొక్కటే చాలదు. అదే ఏడాది, అదే వరసలో పేరులేని ఆటగాడి కార్డు ఒకటి రెండు డాలర్లకి దొరుకుతుంది. అది కొని దగ్గర పెట్టుకోండి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు చూడండి. అట్ట మందం, వెనక సిరా రంగు కూడా పోల్చండి. నకిలీ అయితే అక్కడే బయటపడుతుంది. అనుమానమొస్తే వాపసు గడువు లోపలే రాసెయ్యాలి. రెండు నెలలు గ్రేడింగ్ చుట్టూ తిప్పాక కాదు.

లెక్క వెనక నుంచి కట్టాలి

మనలో చాలామంది పాట ఎంత అన్నది ఆలోచిస్తాం, చేతి నుంచి పోయేది ఎంతన్నది తర్వాత చూస్తాం. తిరగేసి లెక్క కట్టండి. నా పర్సులోంచి పోవలసింది అరవై. పన్ను తీస్తే 56 పైచిలుకు. పోస్టు ఆరు తీస్తే 50. ప్రీమియం లేని ఈబే లాంటి చోట అయితే 50 దాకా పాడొచ్చు. ఇరవై శాతం ప్రీమియం ఉన్న చోట 41 దగ్గరే ఆగాలి. అరవైకీ నలభై ఒకటికీ ఎంత తేడా చూశారా?

2010లో బాల్టిమోర్ నన్‌లకి, చనిపోయిన ఒక నన్ తమ్ముడో అన్నో రాసిచ్చిన ఆస్తిలో వాగ్నర్ కార్డు ఒకటి దొరికింది. వేలంలో 2 లక్షల 62 వేల డాలర్లు పలికిందని పేపర్లన్నీ రాశాయి. నన్‌ల చేతికొచ్చింది 2 లక్షల 20 వేలు. మధ్యలో తేడా అంతా ఆ ప్రీమియమే. పేపర్లో చదివే ధరల్లో అది కలిసే ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

మరి ఆ యాభై సబబైన ధరో కాదో ఎలా తెలుస్తుంది? అడిగే ధర చూసి మోసపోకూడదు. పొలం అమ్మేవాడు ఎంత చెప్తాడో, రిజిస్ట్రేషన్ ఎంతకయిందో తెలిసినవాళ్లం కదా మనం! ఈబేలో అమ్ముడైనవాటి ధరలు విడిగా చూసే వీలుంది. అదే కార్డు, ఇంచుమించు అదే స్థితిలో ఈ మధ్య అమ్ముడైనవి పది చూడండి. అన్నింటికన్నా ఎక్కువదీ తక్కువదీ వదిలేసి మిగతావాటి మధ్యస్తం పట్టుకోండి. అందరూ 'రాబర్టో' అని వెతుకుతారు. పాత కార్డులు కావాలంటే 'బాబ్' అని కూడా వెతకాలి. అమ్మేవాళ్లు పేరు అక్షరాలు తప్పుగా కొట్టినవి ఎవరి కంటా పడక చవగ్గా పోతుంటాయి. మావాడు ఇందులో సిద్ధహస్తుడు.

ఈబేలో ఇంకో సదుపాయం ఉంది. మన గరిష్ఠం 40 అని ఒకేసారి చెప్పేస్తే, అవతలివాడి గరిష్ఠం 25 అయితే మనకి 26కే వస్తుంది. నలభై మొత్తం కట్టనక్కర్లేదు. కాబట్టి రూపాయి రూపాయి పెంచుకుంటూ పోవడం అనవసరం, పైగా ప్రమాదం. మూడు రోజుల ముందే పాడితే అవతలివాళ్లకి పంతం ఎక్కుతుంది. ఆఖరి పది సెకన్లలో మన అసలు అంకె ఒక్కసారే కొట్టి ఊరుకోవాలి. పెద్ద వేలం సంస్థల్లో ఈ ఎత్తు పారదు. ఆఖర్న ఎవరైనా పాడితే అక్కడ గడువు పొడిగిస్తారు. అక్కడ అంకె రాసుకుని కూర్చోవడం తప్ప వేరే దారి లేదు.

ఎప్పుడు కొనాలన్నదీ ముఖ్యమే. బేస్‌బాల్ మార్చి ఆఖరు నుంచి నవంబరు మొదటిదాకా ఆడతారు. ఆట జోరులో ఉన్నప్పుడు కార్డుకీ జోరే. సెప్టెంబరు 15న క్లెమెంటే దినం జరుపుతారు, ఆ రోజుల్లో మేం ఆయన కార్డుల వైపే చూడం. మంచు పడి అందరూ బాస్కెట్‌బాల్ గొడవలో ఉన్న జనవరి, ఫిబ్రవరిల్లో పాడతాం. మామిడిపండు జూన్‌లో కొంటాం గానీ డిసెంబరులో కొంటామా? ఇదీ అంతే, కాకపోతే తిరగేసి.

కార్డు స్థితి గురించి ఒక్క మాట. 8, 9, 10 మార్కుల మధ్య ధర మెట్లెక్కదు, గోడ దూకుతుంది. 3, 4 మార్కులవి మనవి. కుచ్చిళ్లలోకి పోయే మచ్చ ఉన్న పట్టుచీర తక్కువలో వస్తే కొనుక్కోమూ? బొమ్మ మధ్యగా పడి, ముఖం మీద మడత లేకుండా ఉంటే మూలలు అరిగినా మాకు ఫర్వాలేదు. డ్రాయరులో పెట్టుకుని చూసుకునేదానికి పది మార్కులెందుకు?

పిల్లలకి వద్దని చెప్పవలసినవి

మనవాళ్లెవరైనా ఇల్లు ఖాళీ చేస్తూ, 'మా పిల్లలవి 1980ల నాటి కార్డులు, బోలెడు విలువ' అని అట్టపెట్టెలు ఇవ్వజూపుతారు. ఊరికే ఇస్తే తీసుకోండి, డబ్బు పెట్టకండి. 1980ల చివర నుంచి 1990ల మొదటిదాకా, పాతవాటి ధరలు చూసి, కంపెనీలు కోట్లకి కోట్లు అచ్చేశాయి. కొన్నవాళ్లూ ఈసారి పారేయకుండా దాచారు. అందరి ఇళ్లలోనూ ఉన్న వస్తువుకి ధరెక్కడిది? ఎవరో కొద్దిమంది ఆటగాళ్ల మొదటి కార్డులు తప్ప మిగతావి కాగితం ఖరీదే.

కొత్త ప్యాకెట్లు కొనడం కూడా నాకిష్టం లేదు. లోపల ఏముందో తెలియక కొనడం లాటరీనే. దానికన్నా ఘోరం, ఎవరో ఫోనులో ప్రత్యక్షంగా పెట్టెలు విప్పుతుంటే అందులో వాటా కొనడం. బ్రేక్స్ అంటారు. పన్నెండేళ్ల పిల్లలు పుట్టినరోజు డబ్బులు అందులో పోసి ఏడవడం చూశాను. 2021 మేలో విస్కాన్సిన్‌లో ఒక దుకాణం బయట కార్డుల కోసం పెద్దవాళ్లు కొట్టుకుని తుపాకీ తీసేదాకా వెళ్లింది. టార్గెట్ దుకాణాలవాళ్లు కొన్నాళ్లు అమ్మకమే ఆపేశారు. మన భాషలో వేలంవెర్రి అనే మాట ఊరికే పుట్టలేదు!

ఇది పొదుపు అని మాత్రం అనుకోకండి. 'రేపు వీడి కాలేజీ ఫీజు ఇందులోంచే' అనే తండ్రులు ఇక్కడ కొందరున్నారు. వాగ్నర్ కార్డు ధరలు వాళ్ల నోట్లో నానుతుంటాయి. నేను మాత్రం సినిమాకి పెట్టిన డబ్బులాగే లెక్కేస్తాను, తిరిగొస్తుందని చూడను.

ఆడపిల్లలకీ ఇందులో చోటుంది ఇప్పుడు. బాస్కెట్‌బాల్ అమ్మాయి కెయిట్లిన్ క్లార్క్ కార్డు ఒకటి 2025 జులైలో 6 లక్షల 60 వేల డాలర్లు పలికింది. మా పక్కింటి పాప దగ్గర ఆమెది కాకుండా మిగతా ఆడవాళ్ల జట్లవి రెండొందల కార్డులున్నాయి. ఒక్కోటి డాలరు, రెండు డాలర్లు. జట్టు పూర్తి చేయడమే ఆ పిల్ల సరదా.

డబ్బులేని సేకరణకి ఆ పిల్లని మించినవాడు జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పెళ్లి లేదు, కీళ్లవాతం. మూడు లక్షల పైగా కార్డులూ బొమ్మలూ పోగుచేశాడు. 1947 నుంచి వాటిని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తూ, వంకర్లు పోయిన వేళ్లతో తనే ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో ఆఖరిది అంటించి, మార్చిలో కన్నుమూశాడు. అందులో వాగ్నర్ కార్డూ ఉంది. మేం మొన్న సెలవుల్లో ఆ మ్యూజియానికి వెళ్లాం. ఆ వేళకి గోడ మీద పెట్టినవి కొన్నే. మావాడు ఒక్కో కార్డు ముందూ నిలబడి కదలడే!

మా లెక్క ఇప్పుడు ఇలా ఉంది. ముందు రోజే అంకె కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తాం. రాసేది మావాడు, కొట్టేది నేను. అంకె దాటితే ఫోను బోర్లా పెట్టేయాలి. పోయిన ఫిబ్రవరిలో 1973 కార్డు, ఆ చివరిది, 22 డాలర్లకి వచ్చింది. కింద మూల కొంచెం విరిగింది. 1970ది, మళ్లీ పేరు సరిగా వేసింది, ఇంకా దొరకలేదు. కిందటి నెల 31 రాసుకున్నాం, 32కి పోయింది. 'ఒక్క డాలరే కదమ్మా' అన్నాడు మావాడు. మళ్లీ వాడే ఫోను బోర్లా పెట్టాడు.

రేపు రాత్రి తొమ్మిది నలభైకి ఇంకొకటి ముగుస్తుంది. ఫ్రిజ్ మీద కాగితం మార్చలేదు. 31 అనే ఉంది.